పది రోజుల పిల్లకు ఇమ్యూనిటీ మందు పనిచేస్తుందా?

ప్రశ్న: నర్సరీ చెరువులో శీలావతి (రోహు) చేప స్పాన్, అంటే గుడ్డు నుంచి వచ్చిన కొద్ది రోజుల పిల్లలను, వదిలాను. పది రోజులకే పిల్లలు చచ్చి తేలుతున్నాయి. ఇమ్యూనిటీ మందు, టీకా వాడమని షాపులో చెబుతున్నారు. జన్యువులు మార్చి రోగం రాని సీడ్ (చేపపిల్లలు) తయారుచేస్తున్నారట, నిజమేనా సార్?
– ఒక రైతు, కైకలూరు

జవాబు: మందు కొనకండి. టీకాను గుర్తుపెట్టుకుని రోగంతో పోరాడాల్సిన అవయవాలే ఆ వయసు పిల్లలో ఇంకా పూర్తిగా తయారుకావు.

చేపకు మనలాగా ఎముక మజ్జలో రక్తకణాలు పుట్టవు. తల వెనకున్న కిడ్నీ ముందు భాగమే ఆ పని చేస్తుంది. మొప్ప గదిలో పైమూలన రెండు వైపులా థైమస్ గ్రంథి ఉంటుంది. రోగంతో పోరాడే కణాలు కొన్ని తయారయ్యేది అందులోనే. పిల్లలో ఇది కంటికి ఆనదు. దీని గురించి మనకు తెలిసినదంతా చాలావరకు జీబ్రా చేప చెప్పిందే. మన దేశపు వాగుల్లో తిరిగే చిన్న చేపే అది. దాని పిల్ల ఒళ్లు అద్దంలా ఉంటుంది కాబట్టి, బతికుండగానే మైక్రోస్కోపు కింద థైమస్ పెరగడం చూడొచ్చు. గుడ్డు ఫలదీకరణమైన మూడో రోజుకే అది కనిపిస్తుంది, కానీ యాంటీబాడీలతో సరిగా పోరాడే శక్తి రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. శీలావతి లాంటి కార్పు జాతి చేపపిల్లల్లోనూ వరుస ఇంచుమించు ఇదే. పైగా మరీ లేత వయసులో టీకా ఇస్తే, శరీరం ఆ క్రిమిని తనదేనని ఊరుకునే ప్రమాదం కూడా ఉంది.

రోగాన్ని గుర్తుపట్టే లింఫోసైట్లు (ఒక రకం తెల్లరక్తకణాలు) తయారుకావాలంటే రాగ్1 అనే జన్యువు ఉండాలి. అది పనిచేయని జీబ్రా చేపలను 2002లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. అవి చావలేదు, పెద్దవై గుడ్లు కూడా పెట్టాయి. ల్యాబ్ ట్యాంకులో నీళ్లు శుభ్రంగా ఉంటాయి మరి! మీ స్పాన్ కూడా ఇప్పుడు దాదాపు అలాంటి స్థితిలోనే ఉంది. పుట్టుకతో వచ్చిన మామూలు రక్షణ, నీటి నాణ్యత, ఈ రెండే దానికి దిక్కు.

అందుకని తెల్లవారుజామున ఆక్సిజన్ చూడండి. పిల్లలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే మేతగా వేసే నూనె చెక్క, తవుడు ఆపి కొత్త నీళ్లు పెట్టండి. ఈసారి స్పాన్ వదలడానికి ముందురోజు సబ్బు-నూనె మిశ్రమం చల్లి నీటి పురుగులను తీసేయండి. చాలాచోట్ల రోగమనుకునేది ఈ పురుగుల పనే.

ఇక సీడ్ సంగతి. రోగమే రాని సీడ్ ఎక్కడా లేదు, ఎవరైనా అమ్మితే నమ్మకండి. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ (సీఫా) 1992లో నార్వే వాళ్లతో కలిసి మొదలుపెట్టిన ఎంపిక పనిలోంచి జయంతి శీలావతి వచ్చింది. అందులో జన్యువులు మార్చలేదు, బాగా పెరిగే కుటుంబాలను తరతరాలుగా ఏరుకున్నారు, అంతే. చేపలకు రోగం తెచ్చే ఏరోమోనాస్ బ్యాక్టీరియాను తట్టుకునే కుటుంబాలనూ అలాగే ఎంపిక చేస్తూ వచ్చారు. టీకా విషయానికొస్తే, సీఫా దాన్ని తల్లిచేపలకు వేసేలా తయారుచేసింది. తల్లి యాంటీబాడీలు గుడ్డు ద్వారా పిల్లకు చేరి మొదటి రోజుల్లో కాస్త కాపు కాస్తాయి. అందుకే బ్రూడర్లకు (తల్లిచేపలకు) టీకా వేశారేమో హేచరీ వాళ్లను అడగండి.

ల్యాబ్‌కు మాత్రం చచ్చిన పిల్లలను తీసుకెళ్లకండి, మొప్పలు తొందరగా కుళ్లిపోతాయి. నీరసంగా ఈదుతున్న వాటిని చెరువు నీళ్లతోనే ఆక్సిజన్ కవర్లో పట్టుకెళ్లండి.