కణంలోని కాల్షియం జన్యువులను ఎలా పనిచేయిస్తుంది?

కణద్రవ్యంలో కాల్షియం పెరిగినప్పుడు దాన్ని పట్టుకునే ప్రొటీన్లు చురుకై, ఆ సమాచారాన్ని అనులేఖన కారకాలకు (జన్యువులను నియంత్రించే ప్రొటీన్లకు) అందించడం వల్ల కొన్ని జన్యువుల అనులేఖనం, అంటే వాటి నుంచి ఆర్‌ఎన్‌ఏ నకలు తయారవడం, పెరుగుతుంది, కొన్నింటిది తగ్గుతుంది.

విశ్రాంతిలో ఉన్న కణం లోపల స్వేచ్ఛా కాల్షియం బయటి ద్రవంలో కంటే సుమారు 10,000 రెట్లు తక్కువగా ఉంటుంది కాబట్టి, కాల్షియాన్ని లోపలికి రానిచ్చే పొరలోని అయాన్ మార్గాలు కొద్దిసేపు తెరుచుకున్నా కణానికి అది స్పష్టమైన సంకేతమే.

రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాన్ని చూడండి. అది పరాయి పదార్థాన్ని గుర్తించగానే లోపలికి వచ్చిన కాల్షియం, దాన్ని పట్టుకునే కాల్‌మాడ్యులిన్ అనే ప్రొటీన్‌తో కలిసి కాల్సిన్యూరిన్ అనే ఎంజైమును ఉత్తేజపరుస్తుంది. ఆ ఎంజైము ఎన్‌ఎఫ్‌ఏటీ అనే అనులేఖన కారకం నుంచి ఫాస్ఫేట్లను తొలగించగా, అది కేంద్రకంలోకి వెళ్లి ఇంటర్‌ల్యూకిన్-2 (టీ కణాలు పెరిగేలా చేసే సంకేత ప్రొటీన్) జన్యువును పనిచేయిస్తుంది. కాల్షియం తగ్గితే ఎన్‌ఎఫ్‌ఏటీ మళ్లీ బయటికి వస్తుంది, అందుకే సంకేతం ఎంతసేపు నిలిచిందన్నది చాలా ముఖ్యం. మూత్రపిండ మార్పిడి తర్వాత రోగనిరోధక చర్యను తగ్గించడానికి ఇచ్చే టాక్రోలిమస్ అనే మందు అడ్డుకునేది ఈ కాల్సిన్యూరిన్‌నే.

కాల్షియమే నేరుగా డీఎన్‌ఏకు అంటుకుని జన్యువును నడిపిస్తుందన్న అపోహ హనుమకొండ, కరీంనగర్‌లలో బైపీసీ చదివేవారిలోనూ ఉండవచ్చు. పాలు ఎక్కువ తాగితే జన్యువులు చురుకవుతాయన్నదీ సరికాదు, ఎందుకంటే రక్తంలోని కాల్షియాన్ని హార్మోన్లు, కణంలోని కాల్షియాన్ని పొరల్లోని పంపులు ఎప్పటికప్పుడు అదుపులో ఉంచుతాయి.