పగిలిన అద్దం, పొరలూడిన రంగు: కిటికీల మీద పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలామంది కొత్త అద్దం ఎలా బిగించాలని అడిగారు. పాత అద్దం ఎందుకు పగిలిందని అడిగినవారు తక్కువ. బంతి తగలకుండా, తలుపు విసురుగా కొట్టుకోకుండా అద్దం పగిలిందంటే తప్పు చాలాసార్లు చట్రంలోనే ఉంటుంది. అందుకే ఆ ప్రశ్నతోనే మొదలుపెడుతున్నాం.

ప్రశ్న: చెక్క కిటికీ రెక్కలో అద్దం కింది మూల నుంచి చీలింది. కొత్తది వేయిస్తే కొన్ని నెలలకే మళ్లీ అదే మూల చీలింది. ఎవరూ దేన్నీ తగిలించలేదు. కారణం ఏమిటి?

జవాబు: చీలిక ఎక్కడ పుట్టిందో ముందు చూడండి. ఒక బిందువు నుంచి నక్షత్రంలా గీతలు పాకితే అది దెబ్బ. అంచు నుంచి సరిగ్గా లంబంగా బయల్దేరి, కొంత దూరం పోయాక వంకర్లు తిరిగితే అది ఎండ వేడి వల్ల వచ్చిన చీలిక. ఎండకు అద్దం మధ్యభాగం వేడెక్కి సాగుతుంది, గాడిలో దాగిన అంచు చల్లగానే ఉండిపోతుంది. ఆ లాగుడుకి అంచులో ఉన్న చిన్న పెచ్చు చాలు, చీలిక మొదలవడానికి. అద్దానికి నల్ల ఫిల్మ్ అంటించినా, మందపాటి తెర దాదాపు అద్దాన్ని ఆనుకుని వేలాడినా, సగం అద్దం మీదే నీడ పడుతున్నా ఈ ప్రమాదం పెరుగుతుంది.

మీది రెండుసార్లూ ఒకే మూల. కాబట్టి ఎండకన్నా చట్రాన్నే ఎక్కువగా అనుమానించాలి. అద్దం తీశాక ఆ మూల గాడిలో పాత మేకు మొన గానీ, రాయిలా బిగిసిన పుట్టీ గడ్డ గానీ మిగిలిందేమో చూడండి. తర్వాత రెక్కను బల్ల మీద పరిచి, ఎదురెదురు మూలల మధ్య రెండు కర్ణాలూ కొలవండి. తేడా 3 మి.మీ. దాటితే రెక్క ఒక పక్కకు ఒరిగింది. మూల అతుకులు వదులయ్యాయో, పై బందు మరలు పట్టు తప్పాయో చూడాలి. ఒరిగిన రెక్కను వేసిన ప్రతిసారీ బరువంతా ఆ ఒక్క మూల మీదే పడుతుంది. అతుకుల్లో చెక్క జిగురు పెట్టి, కర్ణాలు సమానమయ్యేలా క్లాంపులతో రాత్రంతా బిగించి ఉంచండి. మరలు తిరుగుడు పడితే ఆ రంధ్రాల్లో జిగురు రాసిన చెక్క పుల్లలు దిగ్గొట్టి, మళ్లీ బిగించండి.

ఇవేవీ కాకపోతే అద్దం గాడికి మరీ సరిపోయేలా కోసి ఉంటారు. తేమకు చెక్క ఉబ్బినప్పుడు అద్దానికి కదిలే చోటు ఉండదు.

ప్రశ్న: చెక్క రెక్కలో అద్దం మేమే మార్చుకోవచ్చా? పని వరస చెప్పండి.

జవాబు: చేతికందే ఎత్తులో ఉన్న చిన్న, మధ్యరకం అద్దాలైతే మార్చుకోవచ్చు. పై అంతస్తులో బయటికి తెరుచుకునే రెక్క అయితే బందుల నుంచి ఊడదీసి గదిలోకి తెచ్చుకోండి, నిచ్చెన మీద నిలబడి చేసే పని కాదిది. అద్దం బరువు ముందే లెక్కగట్టుకోవచ్చు: ప్రతి చదరపు మీటరుకి, ప్రతి మి.మీ. మందానికి 2.5 కిలోలు. 4 మి.మీ. అద్దం చదరపు మీటరుంటే 10 కిలోలన్నమాట.

తోలు చేతి తొడుగులు, రక్షణ కళ్లద్దాలు, మూసిన బూట్లు, పొడుగు చేతుల చొక్కా లేకుండా మొదలుపెట్టకండి. పగిలిన అద్దానికి రెండు వైపులా టేపు అడ్డదిడ్డంగా అంటించండి. ముక్కలు పై నుంచి కిందికి తీయాలి. కిందివి ముందు తీస్తే పైన వేలాడే ముక్క కత్తిలా జారి మణికట్టు మీద పడుతుంది. తీసిన ముక్కల్ని మందపాటి కాగితంలో చుట్టి, పైన “గాజు” అని రాసి పారేయండి. చెత్త ఎత్తేవారి చేతులు కూడా చేతులే.

పాత పుట్టీని ఉలితో, చెక్కకు సమాంతరంగా పట్టి, చిన్న చిన్న దెబ్బలతో లేపండి. రాయిలా ఉంటే హాట్ ఎయిర్ గన్ వేడికి మెత్తబడుతుంది. కానీ పక్కనున్న మంచి అద్దానికి ఆ వేడి తగిలితే అదీ చీలుతుంది, రేకు అడ్డం పెట్టండి. చాలా పాత ఇళ్ల రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. అలాంటి చోట వేడీ వద్దు, పొడిగా గీకడమూ వద్దు. నీళ్లు చల్లి తడిగా గీకి, రాలిన పెచ్చులన్నీ ఎత్తేయండి. పిల్లల్నీ గర్భిణుల్నీ ఆ దరిదాపులకు రానివ్వకండి. పాత పిన్ను మేకులు పట్టకారుతో పీకేశాక గాడిని వైరు బ్రష్షుతో శుభ్రం చేయండి.

ఇప్పుడు చాలామంది వదిలేసే పని: గాడికి ఆయిల్ ప్రైమర్ ఒక పూత వేసి ఒక రోజు ఆరనివ్వాలి. పూత లేని ఎండు చెక్క పుట్టీలోని నూనెను పీల్చేస్తుంది. నూనె పోయిన పుట్టీ ఏడాది తిరక్కుండానే పొడిపొడిగా రాలుతుంది. “పుట్టీ మంచిది కాదు” అని కొట్టువాణ్ణి తిడతాం గానీ తప్పు ఈ పూత ఎగ్గొట్టడంలో ఉంది.

కొలతలు గాడి లోపలి నుంచి తీసుకోండి. వెడల్పు పైన, మధ్య, కింద; ఎత్తు ఎడమ, మధ్య, కుడి. ప్రతిదాంట్లో అతి తక్కువ కొలత తీసుకుని అందులోంచి 3 మి.మీ. తగ్గించి కోయించండి. చిన్న గళ్లకు 3 మి.మీ. మందం సరిపోతుంది, మామూలు రెక్కలకు 4, ఇంకా పెద్దవాటికి 5 లేదా 6. మందం పెంచితే ముందువైపు పుట్టీకి గాడిలో చోటు మిగులుతుందో లేదో చూసుకోవాలి. నేలకు దగ్గరగా ఉండే కిటికీకి, తలుపుకి, స్నానాలగదికి టఫన్డ్ (వేడిచేసి గట్టిపరిచిన అద్దం) గానీ లామినేటెడ్ (మధ్యలో ప్లాస్టిక్ పొర పెట్టి అతికించిన అద్దం) గానీ వేయించండి. టఫన్డ్ అద్దాన్ని తయారయ్యాక కోయలేం. కోయబోతే మొత్తం చిన్న ముక్కలైపోతుంది. అందుకే కొలత తప్పితే అద్దం వృథా.

అవిసె నూనె పుట్టీని చేతిలో బాగా పిసికి మెత్తబరచండి. ఇంట్లో కలుపుకోవాలంటే బరువులో సుమారు 85 పాళ్లు మెత్తని సుద్దపొడి, 15 పాళ్లు అవిసె నూనె. గోడలకు వేసే తెల్ల సిమెంటు పుట్టీ ఇక్కడ పనికిరాదు. అది సాగదు, చెక్క కదిలిన మొదటి వానకే పగుళ్లిచ్చి నీళ్లు లోపలికి పోనిస్తుంది.

గాడి చుట్టూ 3 మి.మీ. మందాన పుట్టీ పరిచి, అడుగున రెండు చివర్ల నుంచి నాలుగో వంతు దూరంలో చెరొక చిన్న రబ్బరు ముక్క పెట్టి, వాటి మీద అద్దం నిలపండి. అద్దాన్ని అంచుల దగ్గరే నొక్కాలి, మధ్యలో ఎప్పుడూ నొక్కకండి. వెనక 2 మి.మీ. పుట్టీ మిగిలేదాకా నొక్కితే చాలు. తర్వాత 15 సెం.మీ.కి ఒకటి చొప్పున పిన్ను మేకులు. సుత్తిని ఎత్తి కొట్టకుండా ఉలి పక్కతో, అద్దం మీద జార్చుతూ తట్టండి. మేకు అద్దాన్ని ఆనాలి గానీ నొక్కకూడదు. నొక్కిందంటే మొదటి ప్రశ్నలోని చీలిక మీకూ వస్తుంది.

ముందువైపు పుట్టీని బొటనవేలితో కూరి, కత్తిని ఏటవాలుగా పట్టి ఒక్క లాగులో చెక్కండి. దాని పై అంచు లోపలి చెక్క అంచుకన్నా 2 మి.మీ. కిందికే ఆగాలి. అప్పుడు గదిలోంచి పుట్టీ కనబడదు, రంగు అద్దం మీదికి పాకడానికి చోటూ ఉంటుంది. అద్దం మీది జిడ్డు మీద సుద్దపొడి చల్లి మెత్తని బ్రష్షుతో తుడిస్తే పోతుంది.

పైన పొర కట్టడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, చలిలో ఇంకా ఎక్కువ. వేలు మెల్లగా ఆనిస్తే గుర్తు పడనప్పుడు రంగు వేయండి. తొందరపడితే రంగు ముడతలు పడుతుంది. నెలల తరబడి రంగు వేయకుండా వదిలేసినా పుట్టీ ఎండి బీటలిస్తుంది.

ఒక్క హెచ్చరిక. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడికి గుడ్డలు వాటంతటవే అంటుకోగలవు. ఒక్కొక్కటిగా విప్పి బయట ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి పారేయండి.

ప్రశ్న: చిన్న చీలికే. జిగురుతో అతికిస్తే ఆగుతుందా?

జవాబు: ఆగదు. పారదర్శకమైన జిగురు చీలికను కనబడకుండా చేస్తుంది గానీ బలం తిరిగి రాదు. కొత్త అద్దం వచ్చేదాకా రెండు వైపులా వెడల్పు టేపు వేసి, ఆ రెక్క తెరవకుండా ఉంచండి.

ప్రశ్న: ఇనుప చట్రం కిటికీల్లో ఒక్కొక్క అద్దమే అంచున చీలుతోంది. తుప్పుకీ దీనికీ సంబంధం ఉందా?

జవాబు: ఉంది. తుప్పు, తాను పుట్టిన ఇనుముకన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. గాడిలో పెరిగిన ఆ పొర అద్దం అంచును నొక్కి చీలుస్తుంది. పైన రంగు వేస్తూ పోతే లోపల నొక్కుడు ఆగదు. కాబట్టి అద్దం తీయాల్సిందే. వైరు బ్రష్షుతో, తర్వాత ఎమరీతో ఇనుము మెరిసేదాకా రుద్ది, టర్పెంటైన్ గుడ్డతో తుడిచి, అదే రోజు జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ వేయండి. రాత్రంతా వదిలేస్తే గాలిలో తేమకే మళ్లీ తుప్పు మొదలవుతుంది. ప్రైమర్ రెండు పూతలు, గాడి మూలల్లోకి చిన్న బ్రష్షుతో.

ఇనుము నూనె పీల్చదు కనుక చెక్కకు వాడే పుట్టీ ఇక్కడ చాలాకాలం పచ్చిగానే ఉంటుంది. ఇనుప కిటికీల పుట్టీ వేరే దొరుకుతుంది, లేదా న్యూట్రల్ సిలికాన్ వాడండి. సిలికాన్ ట్యూబు తెరవగానే వెనిగర్ వాసన వస్తే అది ఎసిటిక్ రకం. దాన్నుంచి వెలువడే ఆమ్లం ఇనుముకు మళ్లీ తుప్పు తెస్తుంది. అద్దాన్ని పట్టి ఉంచే స్ప్రింగు క్లిప్పులు తీసేటప్పుడు ఏది ఏ రంధ్రంలోదో గుర్తుపెట్టుకుని, తుప్పు పట్టినవి మార్చండి.

ప్రశ్న: అల్యూమినియం జారుడు కిటికీలో అద్దం మార్చాక మూలల దగ్గర రబ్బరు కురచై నీళ్లు కారుతున్నాయి.

జవాబు: బిగించేటప్పుడు రబ్బరును సాగదీశారు. అది నెమ్మదిగా తన అసలు పొడవుకి వెళ్లిపోతుంది, ఖాళీ మూలల్లో బయటపడుతుంది. ప్రతి పక్కకీ కావాల్సినదానికన్నా ఒక శాతం పొడవెక్కువ కోసి, ముందు రెండు చివరలు, తర్వాత మధ్య, ఆపై మిగతాది లోపలికి నొక్కండి. సబ్బునీళ్లు రాస్తే సులువుగా దిగుతుంది. నూనె రాయకండి, రబ్బరు ఉబ్బుతుంది. కింది పట్టాలో నీళ్లు పోవడానికి ఉన్న రంధ్రాలు మట్టితో మూసుకుపోయాయేమో కూడా చూడండి. చాలాసార్లు కారుడుకి అదే కారణం.

ప్రశ్న: రెండు పొరల అద్దాల మధ్య మంచు పట్టినట్టు మసక. లోపల తుడిచే దారి ఉందా?

జవాబు: లేదు. అంచు సీలు పోయి, లోపలి పట్టీలోని తేమ పీల్చే గింజలు నిండిపోయాయి. చట్రం బాగుంటే అదలాగే ఉంచి అద్దాల జత మాత్రమే మార్చండి. ఎత్తు, వెడల్పుతో పాటు మొత్తం మందం కూడా చెప్పాలి. కొత్త జతను న్యూట్రల్ సిలికాన్‌తోనే బిగించండి, ఎసిటిక్ రకం అంచు సీలును తినేస్తుంది. అడుగున నీళ్లు నిలిస్తే కొత్తదీ మసకబారుతుంది.

ప్రశ్న: కిటికీలకు రంగు వేసిన ఏడాదికే కింది కమ్మీ దగ్గర పొక్కులు. పైగా రెక్కలు చట్రానికి అతుక్కుపోతున్నాయి.

జవాబు: పొక్కు కిందేముందో ముందు తెలుసుకోండి. పదునైన స్క్రూడ్రైవరు మొనతో కింది కమ్మీని గుచ్చండి. గట్టిగా ఆగితే మంచి చెక్క. సులువుగా దిగితే చెక్క చీకింది. మెత్తబడింది కొద్ది మేరైతే దాన్ని చెక్కేసి, ఆరనిచ్చి, రెండు పాళ్ల ఎపాక్సీ పూరణ వేయండి. ఎక్కువైతే ఆ భాగం కోసి కొత్త చెక్క అతికించాల్సిందే.

చెక్క బాగుండీ పొక్కులొస్తే తడి లోపలే ఉందన్నమాట. కింది కమ్మీ చివరల్లో, అంటే నరాలు తెగిన చోట, చెక్క నీళ్లు గట్టిగా పీలుస్తుంది. అక్కడా, అడుగువైపునా ఎవరూ రంగు వేయరు, కనబడదు కదా అని. రెక్కను ఊడదీసి ఆ చివరలకు ప్రైమర్ రెండు పూతలు వేయండి. వదులైన రంగు గీకి, 80 నంబరు ఎమరీతో మొదలుపెట్టి 120, 180తో ముగించండి. ఒక పూత ప్రైమర్, ఒక పూత అండర్‌కోట్, రెండు పలుచని పూతలు ఎనామిల్. డబ్బా మీద రాసిన ఆరే సమయం పాటించండి. నేరుగా ఎండ పడే చెక్క మీద రంగు వేస్తే పైపొర ముందు ఆరి, లోపలి ద్రావకం పొక్కులై లేస్తుంది.

వరస ఇది: మొదట అద్దం చుట్టూ గాడి, తర్వాత గళ్ల పట్టీలు, అడ్డ కమ్మీలు, నిలువు కమ్మీలు, చివర చట్రం. పొద్దున్నే మొదలుపెడితే సాయంత్రానికి రెక్క వేయగలిగేంత ఆరుతుంది. రంగు అద్దం మీదికి 2 మి.మీ. పాకాలి. పుట్టీకీ అద్దానికీ మధ్య సందును మూసేది ఆ సన్నని గీతే. టేపు వేస్తే ఆ 2 మి.మీ. వదిలి వేయండి, రంగు పచ్చిగా ఉన్నప్పుడే తీసేయండి. ఆరాక లాగితే అంచు లేచిపోతుంది.

అతుక్కోవడం ఏళ్ల తరబడి పూత మీద పూత పెరగడం వల్ల. రెక్కకూ చట్రానికీ మధ్య 2 మి.మీ. సందు ఉండేలా పాత పొరలు గీకేయండి. ఇప్పటికే అతుక్కున్నదాన్ని కత్తితో సందు చుట్టూ కోసి, చెక్క దిమ్మ అడ్డం పెట్టి తట్టండి. అద్దం మీద చెయ్యి పెట్టి నెట్టకండి.

ప్రశ్న: అద్దం మీద రంగు చుక్కలు, సిమెంటు మరకలు పోవడం లేదు.

జవాబు: రంగు చుక్కలకు అద్దాన్ని సబ్బునీళ్లతో బాగా తడిపి, కొత్త బ్లేడును పడకగా పట్టి ఒకే దిశలో తోయండి. వెనక్కి లాగితే బ్లేడు కింద చిక్కిన ఇసుక రేణువు గీత పెడుతుంది. టఫన్డ్ అద్దం మీద బ్లేడు వీలైనంత వరకు వాడకండి. సిమెంటు క్షారం గాజునే తినేస్తుంది కాబట్టి పడిన వెంటనే కడగాలి. ఎండిన పొరను వెనిగర్‌లో తడిపిన గుడ్డతో నానబెట్టి తీయవచ్చు. అది పోయాక కూడా మసక మిగిలితే అద్దం పైపొర తినేసిందన్నమాట. మసక, సన్నని గీతలు సీరియం ఆక్సైడు (గాజుకు మెరుగుపెట్టే పొడి) పేస్టుతో, ఫెల్టు చక్రంతో, తడి ఆరనివ్వకుండా రుద్దితే తగ్గుతాయి. గోరు తగులుకునేంత లోతు గీతను మాత్రం రుద్దకండి, ఆ చోట అద్దం గుంటపడి అవతలి దృశ్యం వంకరగా కనిపిస్తుంది.