రసాయనాలు మానేస్తే మెట్ట పొలంలో దిగుబడి పడిపోదా? మా అనుభవం ఇది

కదిరి దగ్గర నాలుగెకరాల మెట్ట ఉందనీ, ఉద్యోగం వదిలి వచ్చి ప్రకృతి వ్యవసాయం చేద్దామంటే నాన్నగారు "పంట పోతుంది, శ్రీలంక గతి పడుతుంది" అంటున్నారనీ రాశారు. మాదీ పాత అనంతపురం జిల్లానే. అయిదెకరాల ఎర్రనేల, ఒక బోరు, ఎండాకాలం వస్తే అదీ సగం ఎండిపోతుంది. ఏడేళ్ళుగా ఇందులోనే ఉన్నాం కాబట్టి మాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

మీ నాన్నగారి భయాన్ని కొట్టిపారేయకండి. శ్రీలంకలో 2021లో రసాయన ఎరువుల దిగుమతి ఒక్కసారిగా ఆపేశారు. వరి, తేయాకు దెబ్బతిన్నాయి, కొన్ని నెలలకే నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. మట్టికి కొత్తగా ఏమీ పెట్టకముందే అలవాటైనది లాగేశారు. మొదటి ఏడాది మేమూ అదే తప్పు చేశాం. డీఏపీ ఎరువు మానేసి, రెండుసార్లు జీవామృతం (పేడ, ఆవు మూత్రం, బెల్లం, పప్పు పిండి కలిపి పులియబెట్టిన నీళ్ళు) పోసి, ఇక అంతా సర్దుకుంటుందనుకున్నాం. ఎకరాకు ఆరు బస్తాల శనక్కాయ పండే చోట నాలుగే వచ్చాయి. ఆ రాత్రి మా నాన్న అన్నం తినలేదు.

రెండో ఏడాది వరస మార్చాం. ముందు నేలను కప్పడం, తర్వాతే మందులు తగ్గించడం. మన దగ్గర ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేదు. జులైలో శనక్కాయ విత్తి, పీకేశాక మళ్ళీ జులై దాకా నేల ఎండకు మాడుతుంది. అన్ని నెలలు మాడిన మట్టిలో ఏ సూక్ష్మజీవి బతుకుతుంది చెప్పండి? అందుకే ఏప్రిల్, మే నెలల్లోనే నవధాన్యాలు విత్తుతున్నాం. జొన్న, సజ్జ, కొర్ర, అలసంద, పెసర, అనుములు, ఉలవ, ఆముదం, జనుము, గోగు, ధనియాలు, ఏవి దొరికితే అవి, పేరుకే నవధాన్యాలు గానీ పదిహేను రకాలకు తగ్గకుండా.

పొడి నేలలో విత్తితే చీమలు తినెయ్యవా అని అందరూ అడుగుతారు. ఉత్త గింజలు చల్లితే తింటాయి. మా అమ్మ, పిన్ని వాకిట్లో పట్ట పరిచి, గింజల మీద బీజామృతం (విత్తనశుద్ధికి పేడ, ఆవు మూత్రం, సున్నంతో చేసే నీళ్ళు) చిలకరించి, జల్లెడ పట్టిన బంకమట్టి చల్లుతారు. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని ఊయల ఊపినట్టు ఊపుతారు. గింజ చుట్టూ మట్టి అంటుకోగానే ఘన జీవామృతం (జీవామృతానికి ఎండు రూపం) పొడి, ఆ పైన బూడిద. చివరికి శనగ గింజంత గుళికలు తయారవుతాయి. అవి మట్టిలో ఓపిగ్గా పడుంటాయి. మే నెలలో ఒక్క మంచి వాన పడితే చాలు, చేను పచ్చబడుతుంది. జులై నాటికి కొంత కోసి పశువులకు వేస్తాం, మిగతాది అక్కడే నేల మీద పరిచి, కప్పు పక్కకు జరిపి సాళ్ళలో కాయ విత్తుతాం.

మూడో ఏడాది ఆగస్టులో ఇరవై రెండు రోజులు చుక్క వాన పడలేదు. ఒక మధ్యాహ్నం నాన్న కప్పు ఉన్న చోట వేలు గుచ్చి చూశాడు. రెండు కణుపులు దిగేసరికి తడి తగిలింది. గట్టు అవతల చేలో అదే లోతున దుమ్ము. ఆయన ఏమీ అనలేదు. ఇంటికొచ్చి ఆ వేలు అమ్మకు చూపించాడు, గోట్లో ఇంకా తడిమట్టి ఉంది.

ఇక పురుగు. లద్దె పురుగు వస్తుందని మీకూ టెన్షన్ ఉంటుంది. చేను చుట్టూ రెండు మూడు వరసలు జొన్న, మధ్యలో అక్కడక్కడా ఆముదం పెట్టండి. తల్లి రెక్కల పురుగు ఆముదం ఆకు అడుగున గుడ్లు కుప్పగా పెడుతుంది. పొద్దున్నే తిరిగి ఆ ఆకు తుంచేస్తే వందల పురుగులు పుట్టకముందే పోయినట్టు. ఎక్కువైతే నీమాస్త్రం: అయిదు కిలోల వేపాకు ముద్ద, అయిదు లీటర్ల ఆవు మూత్రం, రెండు కిలోల పేడ, వంద లీటర్ల నీళ్ళు. సొంత ఆవు లేకపోయినా పేడ ఎలాగో దొరుకుతుంది, మూత్రం పట్టడమే కష్టం. ఆవు ఉంటే ముందుగా కొట్టంలో గచ్చు వాలుగా వేయించుకుని కాలవ పెట్టుకోండి.

దిగుబడి ఇప్పుడు మంచి ఏడాదిలో ఆరు, ఆరున్నర బస్తాలు. పెద్దగా పెరగలేదు. మారింది అప్పు. ఒకప్పుడు విత్తనం, ఎరువు, మందు అన్నీ ఒకే షాపులో అప్పు పెట్టి తెచ్చేవాళ్ళం, పంట కూడా అతనికే, అతను చెప్పిన రేటుకే తూచాలి. యార్డులో వంద ఎక్కువ పలికినా మన చెయ్యి కట్టేసినట్టే. ఖర్చు మూడో వంతుకు పడ్డాక ఆ ఖాతా మూసేశాం. నా వరకు ఈ సాగుతో వచ్చిన అసలు లాభం ఇదే, ఎకరాకెన్ని బస్తాలన్న లెక్కలో ఇది కనిపించదు.

ధర సంగతి మాత్రం ఇంకా తేలలేదు. యార్డులో మా కాయకూ మందు కొట్టిన కాయకూ ఒకటే రేటు. మేం పదకొండు కుటుంబాలం కలిసి గానుగ నూనె పట్టించి అమ్ముకుంటున్నాం, ఒంటరిగా అయితే కుదిరేది కాదు. ఇందులో నాకు దారి చూపించింది తెలంగాణలో జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల దళిత మహిళలు. 1990లలోనే బీడు భూములు సాగులోకి తెచ్చి, జొన్నలు ఊళ్ళోనే నిల్వ పెట్టి, ఊరి పేదలకు తక్కువ ధరకు ఇచ్చారు. పండించేదీ తినేదీ ఒకే ఊరైతే దళారీకి చోటుండదని అక్కడ చూశాక నమ్మకం కుదిరింది.

ఇంకో బాధ ఉంది. మా పక్క చేను కౌలుకు చేసే అన్న మూడేళ్ళు కష్టపడి నేల బాగుచేశాడు. నేల బాగుపడగానే యజమాని చేను వెనక్కి తీసుకున్నాడు. మన రాష్ట్రంలో 2019 చట్టం ప్రకారం కౌలురైతుకు సాగుదారు హక్కుల కార్డు రావాలంటే యజమాని ఒప్పుకోవాలి, అదీ పదకొండు నెలలకే. నేల కోలుకోవడానికి మూడేళ్ళు పడితే పదకొండు నెలల కాగితంతో కౌలురైతు ఏం చేస్తాడు? మీది సొంత భూమి, ఆ అదృష్టం చాలామందికి లేదు.

నాలుగెకరాలూ ఒకేసారి మార్చకండి. రాష్ట్ర ప్రభుత్వ రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం మీ మండలంలోనూ ఉండొచ్చు, మహిళా సంఘాల వాళ్ళను అడిగితే ఊళ్ళో ఎవరు చేస్తున్నారో చెబుతారు. ముందు వాళ్ళ చేలకు వెళ్ళి చూడండి. ఈ ఏప్రిల్‌లో అరెకరంలో నవధాన్యాలు వేయండి, మిగతాది నాన్నగారి ఇష్టప్రకారమే సాగనివ్వండి. ఆ అరెకరం ఏ మూలనో కాకుండా, ఆయన రోజూ నడిచే దారి పక్కనే ఉండేలా చూసుకోండి.