రూట్ పోయాక కూడా లాగ్‌లు మిగలాలంటే

‘సర్వర్‌లోకి ఎవరు ఎప్పుడు వచ్చారో రాసుకునే ఆత్ లాగ్ ఫైల్‌కి చాట్టర్ కమాండ్‌తో ప్లస్ ఎ పెట్టాను, ఇక దాన్ని ఎవరూ చెరపలేరు కదా?’ అని ఒకరు అడిగారు. రూట్, అంటే సర్వర్ మీద పూర్తి అధికారం, చేతికి దొరికినవాడు చెరపగలడండీ. మాకు అదే జరిగింది.

నాలుగేళ్ల కిందట నేను చూసుకునే డెబియన్ లినక్స్ సర్వర్‌లోకి ఎవరో చొరబడ్డారు. లాగ్‌కి ప్లస్ ఎ పెట్టే ఉంది, అంటే చివర కొత్త లైన్లు చేరతాయి తప్ప పాతవి పోవు. పొద్దున ఇలాంటి గుర్తులు చూపించే ఎల్ఎస్‌అట్టర్ కొట్టి చూస్తే ఆ ‘ఎ’ అలాగే ఉంది. దాంతో ఫైల్ జోలికి ఎవరూ పోలేదని నమ్మి రెండు రోజులు ఇంకెక్కడో వెతికాం. చివరికి మా టీమ్‌లో ఒకమ్మాయి పట్టుకుంది. అక్కడ ఐదు నిమిషాలకోసారి క్రాన్ జాబ్ (పెట్టిన సమయానికి దానంతటదే నడిచే పని) నడుస్తుంది, నడిచినప్పుడల్లా ఆత్ లాగ్‌లో సెషన్ తెరిచినట్టు, మూసినట్టు లైన్లు పడతాయి. ఆ రాత్రి రెండు నుంచి మూడుంబావు దాకా ఒక్క లైన్ లేదు. వేరే మెషీన్‌లో ఉన్న ఫైర్‌వాల్ లాగ్‌లో మాత్రం సరిగ్గా ఆ సమయానికే ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే) కనెక్షన్ ఉంది. రూట్ దొరికినవాడు మైనస్ ఎ కొట్టి, లైన్లు తీసేసి, మళ్లీ ప్లస్ ఎ పెట్టి వెళ్లాడన్నమాట. ఆ గంటంబావులో ఏం చేశాడో మాకు ఇప్పటికీ తెలియదు. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ అయితే కాస్త నయం. సెక్యూర్‌లెవెల్ అనే భద్రతా స్థాయిని 1కి పెడితే, అక్కడ ప్లస్ ఎ లాంటి సిస్టమ్ ఫ్లాగ్‌ను రూట్ కూడా తీయలేడు, రీబూట్ చేయాల్సిందే. లినక్స్‌లో లాగ్‌లు రాసే జర్నల్‌డీలో సీలింగ్ (లాగ్‌కి ముద్ర వేయడం) ఉంది, కానీ అది మార్పు జరిగిందని చెబుతుందే తప్ప ఆపదు. ఆ ముద్రను సరిచూసే వెరిఫికేషన్ కీని అదే సర్వర్‌లో ఉంచకండి.

అసలు మందు ఒక్కటే: లైన్ పడిన వెంటనే ఇంకో మెషీన్‌కి వెళ్లిపోవాలి. లాగ్‌లు పంపే ఆర్‌సిస్‌లాగ్ ప్రోగ్రామ్‌తో టీసీపీ మీద, టీఎల్ఎస్ ఎన్‌క్రిప్షన్ పెట్టి 6514 పోర్టుకి పంపండి. యూడీపీ 514 వద్దు, దారిలో లైన్లు పోయినా తెలియదు. లాగ్ సర్వర్ కాసేపు పడిపోయినా నష్టం లేకుండా పంపాల్సిన లైన్లను అప్పటిదాకా దాచిపెట్టే డిస్క్ క్యూ పెట్టండి. చొరబడినవాడు ఆ తర్వాత తప్పుడు లైన్లు పంపొచ్చు, సర్వీస్ ఆపేయొచ్చు, కానీ అప్పటికే వెళ్లిపోయినవాటిని వెనక్కి లాక్కోలేడు. అయితే రెండు మెషీన్లకూ ఒకటే ఎస్ఎస్‌హెచ్ కీ వాడితే చేసిందంతా వృథా. మా లాగ్ సర్వర్ కీ ఇద్దరి దగ్గరే ఉంటుంది, ఆ ఇద్దరికీ మిగతా సర్వర్లలో రూట్ లేదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం 180 రోజుల లాగ్‌లు దేశంలోనే ఉంచాలి కాబట్టి డిస్క్ ఆ లెక్కన తీసుకోండి.

ప్లస్ ఎ తీసేయమని అనను. కానీ ఉంచితే పాత లాగ్‌ను పక్కకు తీసి కొత్తది మొదలుపెట్టే లాగ్‌రొటేట్ ఆగిపోతుంది, కాబట్టి రొటేషన్‌కి ముందు తీసి తర్వాత పెట్టేలా స్క్రిప్ట్ రాసుకోండి.

ఇంకొకటి, పది నిమిషాలు ఏ లైనూ రాకపోతే అలర్ట్ రావాలి. అన్నీ అమర్చాక మీరే ఆర్‌సిస్‌లాగ్ ఆపి చూడండి. మేం మొదటిసారి ఆపితే అలర్ట్ రానే లేదు. ‘లైన్లు వస్తున్నాయా’ అని చూసే స్క్రిప్ట్‌ను కూడా లాగ్‌లు పంపే సర్వర్‌లోనే పెట్టి ఉన్నాం. ఆ రోజే దాన్ని లాగ్ సర్వర్‌కి మార్చాం.