కర్పాట్కాకు ప్యాకెట్టు పొడి వద్దు, మంచి వెన్న కొనండి

పోలండ్‌లో చదువుకుంటున్నానని, కర్పాట్కా (రెండు పిండి పొరల మధ్య వెన్న, కస్టర్డ్ కలిపిన క్రీము పెట్టి చేసే అక్కడి కేకు) సొంతంగా చేయాలని ఉందని, దుకాణంలో దొరికే ప్యాకెట్టు పొడి సరిపోతుందా అని అడిగారు. వద్దండి. ఆ పొడి కొన్నా పాలు, గుడ్లు, వెన్న మీరే తెచ్చుకోవాలి. ఇక ప్యాకెట్టులో ఉండేది పిండి, పంచదార, కృత్రిమ వెనిల్లా వాసన. ఆ డబ్బుతో మంచి వెన్న వస్తుంది. కర్పాట్కా రుచి అంతా వెన్నలోనే ఉంది.

క్రాకోవ్‌లో మేము అద్దెకున్న ఇంటి యజమానురాలి దగ్గర నేను ఇది నేర్చుకున్నాను. అక్కడి పెద్దవాళ్లు పుట్టినరోజు కంటే నామదినాన్నే, అంటే తమ పేరున్న క్రైస్తవ పునీతుల పండుగ రోజునే, ఘనంగా జరుపుకుంటారు. ఆవిడ తన నామదినానికి తప్పకుండా కర్పాట్కా చేసేవారు. ఒక ఏడాది సాయం చేద్దామని కోడలు ముందు రోజు రాత్రే కస్టర్డ్ కాచి ఫ్రిజ్‌లో పెట్టింది. పొద్దున దాన్ని తీసి, మెత్తబడిన వెన్నలో వేసి గిలకొట్టేసరికి క్రీము పలుకులు పలుకులుగా విడిపోయి, అడుగున నీళ్లు చేరాయి. మధ్యాహ్నానికి చుట్టాలు వస్తారు. ఆ అమ్మాయి కళ్లనిండా నీళ్లతో గిన్నె సింకులో వంచబోతే అత్తగారు చేయి పట్టుకుని ఆపారు. పొయ్యి మీద కాసిని నీళ్లు వేడిచేసి, ఆవిరి తగిలేలా గిన్నెను పైన పట్టుకున్నారు. అంచుల దగ్గర వెన్న కరగడం మొదలవగానే దించి మళ్లీ గిలకొట్టారు. చూస్తుండగానే క్రీము నున్నగా, తెల్లగా, గరిట నిలబడేంత గట్టిగా తయారైంది. కోడలిని ఒక్క మాట అనలేదు. గరిటకు అంటిన క్రీము మాత్రం ఆమె నోటికే అందించారు.

అక్కడ పాలు విరగలేదు. చల్లటి కస్టర్డ్ తగిలి వెన్న గడ్డకట్టింది, అంతే. రెండూ గది వేడిలోనే ఉంటే ఈ బాధ రాదు. ముప్పావు లీటరు పాలు, నాలుగు పచ్చసొనలు, పంచదార, మైదా, బంగాళాదుంప పిండి కలిపి చిక్కగా కాచి, తొరక కట్టకుండా పైన కాగితం ఆనించి పూర్తిగా చల్లారనివ్వండి. 250 గ్రాముల వెన్నను విడిగా గిలకొట్టి, కస్టర్డ్‌ను అందులో చెంచా చెంచాగా కలపాలి. వెన్న కొనేటప్పుడు 82 శాతం కొవ్వు అని రాసి ఉందో లేదో చూడండి. దాని పక్కనే, అదే రంగు కాగితంలో, నూనెలు కలిపిన సరుకును చవగ్గా పెడతారు. చూపు సరిగా లేని ముసలివాళ్లు అది వెన్నే అనుకుని కొనుక్కుపోవడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పిండి పొరలు మనవాళ్లకు కష్టం కాదు. చేగోడీలకు పిండి ఉడికించినట్టే. పావు లీటరు నీళ్లలో 125 గ్రాముల వెన్న, చిటికెడు ఉప్పు వేసి మరిగించి, 150 గ్రాముల మైదా ఒక్కసారిగా పోసి, ముద్ద గిన్నె అంచులు వదిలే దాకా కలపాలి. కాస్త చల్లారాక నాలుగు గుడ్లు ఒక్కొక్కటిగా వేయాలి. ఈ ముద్దను రెండు భాగాలు చేసి, ఒక్కొక్కటి పళ్లెంలో పల్చగా పరిచి, 200 డిగ్రీల దగ్గర అరగంట కాల్చండి. పైభాగం చదును చేయకండి. లోపలి నీరు ఆవిరై ఎక్కడికక్కడ పొంగితేనే ఆ ఎగుడుదిగుళ్లు వస్తాయి. వాటి మీద పంచదార పొడి చల్లితే మంచు పడిన కార్పేథియన్ కొండల్లా కనిపిస్తుందనే దీనికి ఆ పేరు. మొదటి ఇరవై నిమిషాలు ఓవెన్ తలుపు తీశారా, పొంగినదంతా అణిగిపోతుంది.

కొందరు దీన్నీ, క్రెమూఫ్కా అనే మరో పోలిష్ క్రీము కేకునీ ఒకటే అంటారు. కాదు. అది పొరల పిండితో చేసేది. పోప్ రెండవ జాన్ పాల్ 1999 జూన్ 16న సొంత ఊరు వాదోవిత్సే వచ్చినప్పుడు, బడి చివరి పరీక్షల తర్వాత స్నేహితులతో క్రెమూఫ్కాలు తిన్న సంగతి అందరి ముందూ గుర్తుచేసుకున్నారు. అప్పటి నుంచి ఆ ఊళ్లో ఎటు చూసినా ‘పోప్ క్రెమూఫ్కాలే’. ఆయన మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఇంట్లో చేసుకోవడానికి కర్పాట్కాయే మేలు. పొరల పిండి మడతపెట్టే ఓపిక లేక చాలామంది కొన్న రేకులే వాడుతున్నారు, వాటిలో చాలావాటికి మళ్లీ వెన్న ఉండదు.

చివరిగా, గుడ్డు లేకుండా చేయవచ్చా అని కూడా రాశారు. చేయలేరు. ఆవిరికి పొంగిన పిండిని అణగకుండా నిలబెట్టేదే గుడ్డు. గుడ్డు తినని స్నేహితులు వస్తుంటే వాళ్ల కోసం సేమ్యా పాయసం కాచండి, కర్పాట్కాను మాత్రం మార్చకండి.