స్విస్ ఆర్మీ కత్తి వాడుతుండగా ఒక్కోసారి వేళ్ల మీదికి ఎందుకు మడుచుకుంటుంది?

జేబులో పట్టే మామూలు స్విస్ ఆర్మీ కత్తుల్లో చాలావాటికి లాక్ ఉండదు, అందుకే బ్లేడు మొద్దు వైపు ఒత్తిడి పడితే మడుచుకుపోతుంది. విక్టోరినాక్స్ కంపెనీ చేసే స్పార్టన్, క్లైంబర్ లాంటి 91 మి.మీ. (పిడి పొడవు) మోడళ్లలో బ్లేడును తెరిచి ఉంచేది పిడి వెనకాల ఉన్న స్ప్రింగ్ పట్టీ ఒక్కటే. పదును వైపు నొక్కి కోస్తే బ్లేడు మొదలు ఆ పట్టీకి ఆనుకుని ఆగుతుంది, ఇబ్బంది లేదు. మొద్దు వైపు బలం పడితే మాత్రం అడ్డుపడేది స్ప్రింగ్ బిగువే.

బెల్టుకు కొత్త బెజ్జం పెట్టాలని మొనతో పొడిచారనుకోండి. మొన తోలులో ఇరుక్కుంటుంది, పిడి కాస్త ఒరుగుతుంది, బ్లేడు చూపుడువేలి మీదికి వచ్చేస్తుంది. ఆ పనికి పిడి వెనక వైపు సూదిమొన పనిముట్టు వేరే ఉంది. బెల్టును చెక్క మీద పెట్టి, ఆ పనిముట్టును నిటారుగా ఆనించి, దాని పదునంచు ముందుకు కదిలేలా తిప్పుతూ దించాలి. దానికీ లాక్ లేదు, కనుక అది మడుచుకునే దారిలో వేళ్లు ఉండకూడదు.

తెరిచినప్పుడు ‘టక్’మంటుంది కదా, అదే లాకని చాలామంది అనుకుంటారు. అది స్ప్రింగ్ పట్టీ తన చోట కూర్చున్న చప్పుడు, అంతే. నిజంగా లాక్ ఉన్న కత్తిని మడవాలంటే ముందు ఒక మీటనో పట్టీనో జరపాలి, లేదంటే నొక్కాలి. ఇదే కంపెనీ 111 మి.మీ. మోడళ్లలో అలాంటివి దొరుకుతాయి.