జబ్బేమిటో తేలకముందే అప్పెందుకు?

ప్రశ్న: నా వయసు 38. ప్రైవేటు ఉద్యోగం. రెండు నెలలుగా ఛాతీలో నొప్పి. గుండె పరీక్షల్లో ఏమీ లేదన్నారు. ఎక్స్‌రేలో మాత్రం రొమ్ము ఎముక వెనక నీడలా కనిపించిందని, థైమస్ గ్రంథిలో గడ్డ కావచ్చని, సీటీ స్కాన్ చేయించమని చెప్పారు. ఆరోగ్య బీమా అంటే నేను పనిచేసే ఆఫీసు వాళ్లు ఇచ్చిందొక్కటే. పొదుపు ఒక నెల ఖర్చులకు సరిపోతుంది. బ్యాంకు పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. కొంత వైద్యానికి ఉంచుకుని మిగతాది ట్రేడింగ్‌లో పెడితే ఈఎంఐ దాని మీదే వచ్చేస్తుందని స్నేహితుడి సలహా. స్కాన్‌కు ముందే సొంతంగా ఒక హెల్త్ పాలసీ తీసుకోనా?

జవాబు: ఆ లోన్ తీసుకోకండి. సంతకం పెట్టేసి ఉంటే, డబ్బు ఖాతాలో పడకముందే వద్దని చెప్పండి. జబ్బు పేరు వినగానే భయంతో అప్పు చేయడం చాలామంది చేసే పొరపాటే, అందుకే మీకు వివరంగా రాస్తున్నాను.

ఎక్స్‌రేలో నీడ ఉన్నంత మాత్రాన ట్యూమర్ అని కాదు. థైమస్ కాస్త వాచినా, అక్కడ నీటితిత్తి ఉన్నా, పక్కనున్న లింఫ్ గ్రంథులు పెరిగినా అలాగే కనిపించవచ్చు. సీటీతో, అవసరమైతే ఎంఆర్ఐతో చాలావరకు తేడా తెలుస్తుంది. ఒకవేళ థైమోమా (థైమస్‌లో వచ్చే ట్యూమర్) అని తేలినా, అది సాధారణంగా నెమ్మదిగా పెరిగేది. తొలి దశలో ఉంటే చాలామందికి ఆపరేషన్‌తోనే సరిపోతుంది. ముదిరితే రేడియేషన్, కీమో కూడా కావాల్సి రావచ్చు. అంటే ఖర్చు ఏమీ ఉండకపోవచ్చు, చాలా ఉండొచ్చు. ఎంత కావాలో తెలియకుండా ఎంత అప్పు చేస్తారు? ముందు స్కాన్ చేయించండి. దానికి మీ దగ్గరున్న డబ్బు వాడండి.

ఇక ట్రేడింగ్ మాట. వైద్యం కోసం తెచ్చిన అప్పుతో ట్రేడింగ్ చేయమనడం సలహా కాదు, మీ ఇంటిని ప్రమాదంలోకి నెట్టడం. లాభం వచ్చినా రాకపోయినా ఈఎంఐ తేదీ ఆగదు. నష్టం వస్తే వైద్యానికి డబ్బుండదు, అప్పు మాత్రం మిగులుతుంది. ఈ విషయంలో ఆ స్నేహితుడి మాట వినకండి.

మీ అసలు సమస్య ఒక నెల పొదుపు. ఆసుపత్రి బిల్లు బీమా కట్టొచ్చు, కానీ ఇల్లు గడవడానికి అది డబ్బివ్వదు. రొమ్ము ఎముక తెరిచి ఆపరేషన్ చేస్తే అది అతుక్కోవడానికే 6 నుంచి 8 వారాలు పడుతుంది, అన్నాళ్లూ బరువులెత్తకూడదు. చిన్న రంధ్రాలతో చేస్తే త్వరగా కోలుకుంటారు. జీతంతో కూడిన సెలవు ఎన్ని రోజులుందో ఇప్పుడే లెక్క చూసుకోండి. థైమోమా కొన్నేళ్ల తర్వాత కూడా తిరిగి రావచ్చు కాబట్టి 10 ఏళ్ల వరకు స్కాన్లు తీయిస్తూ ఉంటారు. ఆసుపత్రిలో చేరకుండా చేయించే అలాంటి పరీక్షలకు చాలా పాలసీలు డబ్బివ్వవు. ఆ ఖర్చు మీ అత్యవసర నిధిలోంచే రావాలి. మామూలుగా ఆరు నెలల ఖర్చులు చాలంటాను. మీకు తొమ్మిది నెలలకు తక్కువ కాకుండా ఉండాలి. సిప్‌లు (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా కట్టేవి) ఏమైనా ఉంటే ఈ నెల నుంచే ఆపి, ఆ డబ్బంతా పొదుపు ఖాతాలోకి మళ్లించండి. సిప్ ఆపమని నేను ఎవరికీ తేలిగ్గా చెప్పను, మీకు చెబుతున్నాను.

కొత్త పాలసీ తీసుకోవచ్చు, కానీ దరఖాస్తులో నొప్పి గురించి, ఎక్స్‌రే గురించి దాచకూడదు. దాస్తే క్లెయిమ్ రోజున ఆ పాత ఎక్స్‌రే బయటపడుతుంది, అప్పటిదాకా కట్టిన ప్రీమియం కూడా పోతుంది. నిజం చెబితే కంపెనీ నిరాకరించవచ్చు, లేదా వెయిటింగ్ పీరియడ్ (ఆ జబ్బుకు క్లెయిమ్ ఇవ్వని గడువు) పెట్టవచ్చు. ఏదైనా ఈ జబ్బుకు అది వెంటనే పనికిరాదు. ఇప్పుడు మీకు అక్కరకొచ్చేది ఆఫీసు పాలసీయే. అందుకే వైద్యం పూర్తయ్యేదాకా ఉద్యోగం మారకండి. బీమా మొత్తంలో ఎంత మిగిలింది, ఆసుపత్రి గది అద్దెకు పరిమితి ఉందా, ఆసుపత్రిలో చేరడానికి ముందు చేయించిన పరీక్షలకు డబ్బిస్తారా అని హెచ్ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి. స్కాన్ బిల్లులు, డాక్టర్ చీటీలు ఒక్కటీ పారేయొద్దు.

రెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, మింగడానికి ఇబ్బంది లాంటివి ఉంటే డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. థైమోమా ఉన్నవారిలో కొందరికి మయస్థీనియా గ్రావిస్ అనే కండరాల బలహీనత కూడా ఉంటుంది. ఆపరేషన్‌కు ముందు అది తెలియకపోతే తర్వాత ఊపిరికి ఇబ్బందై ఐసీయూలో రోజులు పెరగవచ్చు, బిల్లు కూడా. నొప్పి ఒక్కసారిగా ఎక్కువైనా, ఊపిరాడకపోయినా డబ్బు లెక్కలు పక్కనపెట్టి వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఆపరేషన్ తప్పదని తేలి, బీమా పోను ఇంకా లోటుంటే జీతం అడ్వాన్స్ అడగండి, తర్వాత ఇంట్లోవాళ్లను. అప్పటికీ చాలకపోతే ఆ లోటు మేరకే బ్యాంకు లోన్. క్రెడిట్ కార్డు మీద నగదు, లోన్ యాప్‌ల జోలికి మాత్రం వెళ్లొద్దు. టర్మ్ పాలసీ (జీవిత బీమా) సంగతి రిపోర్టులన్నీ వచ్చాక చూద్దాం.